4కే సినిమా ఆడించే స్టిక్ పాత గేమ్ దగ్గర ఎందుకు తడబడుతుంది?

టీవీ వెనక తగిలించే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ 4కే హెచ్‌డీఆర్ సినిమాను ఎక్కడా ఆగకుండా చూపిస్తుంది. అదే స్టిక్‌లో 1996 నాటి నింటెండో 64 గేమ్ పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, శబ్దం పగులుతుంది. అంత పెద్ద సినిమాను మోసేది ఇంత పాత గేమ్‌ను మోయలేకపోవడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. యాప్ బాగాలేదేమోనని ఇంకో యాప్ వేసి చూస్తారు, తర్వాత సెట్టింగులన్నీ తిప్పి చూస్తారు. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు. సినిమా ఆడించే పని, గేమ్ ఆడించే పని ఆ చిప్‌లో వేర్వేరు చోట్ల జరుగుతాయి. ఈ సంగతి పట్టుబడితే ఏ పరికరంలో ఏ గేమ్ ఆడుతుందో చాలావరకు మనమే అంచనా వేసుకోవచ్చు.

స్టిక్ చిప్‌లో వీడియో డీకోడర్ అని ఒక ప్రత్యేక భాగం ఉంటుంది. హెచ్ఈవీసీ, వీపీ9 లాంటి ఫార్మాట్లను విప్పడం ఒక్కటే దాని పని. సినిమా నడుస్తున్నంతసేపూ కష్టమంతా అది పడుతుంది, ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. అందుకే తయారీదారులు ప్రాసెసర్ మీద డబ్బు పెట్టరు. 2020లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీలో ఉన్నవి నాలుగు కార్టెక్స్-ఏ55 కోర్లు. ఫోన్లలో ఇలాంటి కోర్లను కరెంటు ఆదా కోసం చిన్నాచితకా పనులకు వాడతారు, బరువైన పనులకు వేరే పెద్ద కోర్లు ఉంటాయి. స్టిక్‌లో ఆ పెద్ద కోర్లు లేవు. పాత గేమ్‌ను ఆడించే ప్రోగ్రామ్ అయిన ఎమ్యులేటర్‌కు వీడియో డీకోడర్ ఏ రకంగానూ పనికిరాదు. దానికి కావలసింది ప్రాసెసర్, అందులోనూ ఒక్క కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన 4కే, డాల్బీ విజన్ గేమ్‌కు సంబంధించినంతవరకు ఏమీ చెప్పవు.

ఎమ్యులేటర్ లోపల జరిగేది

ఎమ్యులేటర్ అంటే ఒక పాత యంత్రంలా నటించే ప్రోగ్రామ్. గేమ్ ఫైల్‌లో ఉన్నవి ఆ పాత ప్రాసెసర్‌కు రాసిన ఆదేశాలు. వాటిని ఒక్కొక్కటిగా చదివి, అర్థం తెలుసుకుని, ఇప్పటి ప్రాసెసర్‌తో చేయించాలి. 1980ల నాటి నింటెండో గేమ్ యంత్రం నెస్ ప్రాసెసర్ వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్. స్టిక్‌లో ఒక్కో కోర్ దానికి దాదాపు వెయ్యి రెట్ల వేగంతో నడుస్తుంది. ఇంత తేడా ఉంటే చాలదా అనిపిస్తుంది. నెస్ వరకు చాలుతుంది కూడా. కానీ పాత ఆదేశం ఒక్కటి చేయడానికి కొత్త ప్రాసెసర్‌లో పదుల కొద్దీ ఆదేశాలు ఖర్చవుతాయి. పైగా ప్రాసెసర్ ఒక్కదాన్ని నడిపితే సరిపోదు, బొమ్మ గీసే చిప్, శబ్దం చేసే చిప్ కూడా దానితో అడుగులో అడుగు వేస్తూ రావాలి.

ఆ అడుగులు ఎంత దగ్గరగా పడాలో 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో చూడొచ్చు. పైన స్కోరు, నాణేలు, టైమ్ చూపించే పట్టీ కదలకుండా ఉంటుంది, కింద లోకమంతా పక్కకు జరుగుతుంది. పైభాగం నిలిపి కిందిభాగం జరిపే సదుపాయం నెస్ బొమ్మ చిప్‌లో విడిగా లేదు. అందుకని గేమ్ రాసినవాళ్లు ఒక ఉపాయం వేశారు. పట్టీలోని నాణెం బొమ్మ అడుగుభాగంలో సున్నా నంబరు స్ప్రైట్‌ను, అంటే చిప్ విడిగా గీసే ఒక చిన్న బొమ్మను, ఉంచారు. చిప్ తెర పైభాగం నుంచి గీతల వరుసలో బొమ్మ గీస్తూ వచ్చి ఆ స్ప్రైట్ చుక్కను చేరగానే లోపల ఒక ఫ్లాగ్, అంటే చిన్న గుర్తు, లేస్తుంది. గేమ్ ఆ ఫ్లాగ్ కోసమే కాచుకుని ఉండి, లేవగానే స్క్రోల్ విలువ మారుస్తుంది. అక్కడి నుంచి కింద గీసేదంతా జరిగిన లోకం. ఇది ప్రతి ఫ్రేమ్‌లోనూ, అంటే సెకనుకు 60 సార్లు జరగాలి. ఎమ్యులేటర్‌లో ప్రాసెసర్‌కూ బొమ్మ చిప్‌కూ మధ్య కాస్త తేడా వచ్చినా పట్టీ అంచు చిరిగినట్టు కనిపిస్తుంది. ఫ్లాగ్ అసలే లేవకపోతే గేమ్ అక్కడే కూర్చుండిపోతుంది.

ఈ కారణంగానే నాలుగు కోర్లున్నా పనిని నాలుగు సమాన వాటాలు వేయడం కుదరదు. ప్రతి చిప్ పక్క చిప్ ఏం చేసిందో చూసుకుంటూ నడవాలి కాబట్టి ఎక్కువ భారం ఒకే కోర్ మీద పడుతుంది.

నడిపే పద్ధతులు రెండు. ప్రతి ఆదేశాన్నీ ఎప్పటికప్పుడు చదివి చేసేది ఇంటర్‌ప్రెటర్. ఆదేశాల గుంపును ఒకేసారి ఇప్పటి ప్రాసెసర్ భాషలోకి మార్చి దాచుకుని, మళ్లీ అదే గుంపు వచ్చినప్పుడు దాచుకున్నదాన్ని నడిపేది డైనమిక్ రీకంపైలర్, వాడుకలో డైనారెక్. ప్లేస్టేషన్ నుంచి మొదలుపెట్టి ఆపై యంత్రాలకు స్టిక్‌ల మీద డైనారెక్ లేకుండా పని జరగదు. నడుస్తున్న యాప్ తనకు తానే కొత్త కోడ్ తయారు చేసుకోవడాన్ని ఆండ్రాయిడ్ అనుమతిస్తుంది. ఆపిల్ తన స్టోర్ యాప్‌లకు ఆ అనుమతి ఇవ్వదు. చిప్ బలంలో ఆపిల్ టీవీ ఎంతో ముందున్నా, కొన్ని యంత్రాల విషయంలో ఆండ్రాయిడ్ పెట్టెలే మెరుగనిపించడానికి ఇదొక కారణం.

ఏ యంత్రం ఎంత బరువు

నెస్, మెగా డ్రైవ్, గేమ్ బాయ్, గేమ్ బాయ్ అడ్వాన్స్ ఏ స్టిక్‌లోనైనా నడుస్తాయి. సూపర్ నింటెండో కూడా దాదాపు అంతే, కానీ కొన్ని క్యాట్రిడ్జ్‌లలో అదనపు చిప్‌లు ఉండేవి. 1993లో వచ్చిన స్టార్ ఫాక్స్‌లో సూపర్ ఎఫ్‌ఎక్స్ చిప్ ఉంది. ఆ గేమ్ ఆడించాలంటే యంత్రంతో పాటు దాన్ని కూడా నటించాలి. స్నెస్9ఎక్స్ అనే ఎమ్యులేటర్ పాత వెర్షన్లు ఇలాంటి చోట తేలిగ్గా ఉంటాయి. ప్రతి చిప్‌నూ అచ్చుగుద్దినట్టు నడపాలనే లక్ష్యంతో రాసిన బీఎస్‌నెస్ జోలికి మాత్రం చిన్న స్టిక్‌లో వెళ్లకపోవడం మంచిది.

ప్లేస్టేషన్ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఎమ్యులేటర్ మొదట పాండోరా అనే చిన్న చేతి కంప్యూటర్ కోసం రూపుదిద్దుకుంది. ఆర్మ్ ప్రాసెసర్లలో ఒకేసారి అనేక అంకెల మీద లెక్కలు చేసే నియాన్ అనే భాగాన్ని వాడుకుంటూ, బొమ్మ గీసే కోడ్‌ను చేత్తో అసెంబ్లీలో రాశారు. ఆ శ్రమ ఫలం నేటి స్టిక్‌లకు దక్కింది. ఎక్కువ ప్లేస్టేషన్ గేమ్‌లు పూర్తి వేగంతో ఆడతాయి.

నింటెండో 64 దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. దాని ప్రాసెసర్ 93.75 మెగాహెర్ట్జ్. అసలు చిక్కు పక్కనున్న గ్రాఫిక్స్ చిప్‌ది. అందులో ఒక భాగం పని తీరును గేమ్ కంపెనీయే మైక్రోకోడ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాసి మార్చుకోవచ్చు. చాలా గేమ్‌లు నింటెండో ఇచ్చిన మైక్రోకోడ్‌నే వాడాయి. రేర్, ఫ్యాక్టర్ 5 లాంటి సంస్థలు కొన్ని గేమ్‌లకు సొంతంగా రాసుకున్నాయి. ఆ చిప్‌ను ఉన్నదున్నట్టు నటించే శక్తి స్టిక్‌కు లేదు. అందుకని ఎమ్యులేటర్ మైక్రోకోడ్ ఏది అన్నది గుర్తుపట్టి, దాని ఫలితాన్ని దగ్గరిదారిలో గీస్తుంది. గుర్తుపట్టగలిగినచోట గేమ్ సాఫీగా సాగుతుంది, లేనిచోట బొమ్మలు మాయమవుతాయి లేదా వేగం పడిపోతుంది. ఒక గేమ్ బాగా ఆడి, పక్క గేమ్ ఘోరంగా ఆడటానికి కారణం ఇదే.

1998లో వచ్చిన డ్రీమ్‌కాస్ట్ అంతకంటే ఎంతో బలమైన యంత్రం, 200 మెగాహెర్ట్జ్ ఎస్‌హెచ్-4 ప్రాసెసర్. అయినా దాని పవర్‌వీఆర్ గ్రాఫిక్స్ పనితీరు నేటి గ్రాఫిక్స్ చిప్‌లకు సులువుగా అప్పగించేలా ఉంటుంది. అందుకే ఫ్లైకాస్ట్ అనే ఎమ్యులేటర్‌లో చాలా డ్రీమ్‌కాస్ట్ గేమ్‌లు నింటెండో 64 గేమ్‌ల కన్నా నిలకడగా నడుస్తాయి. కొత్త యంత్రమైతే ఎక్కువ బరువు అన్న లెక్క ఇక్కడ చెల్లదు. సోనీ చేతి గేమ్ యంత్రం పీఎస్‌పీలో తేలికపాటి గేమ్‌లు పీపీఎస్‌ఎస్‌పీపీ ఎమ్యులేటర్‌తో ఆడతాయి, అసలు రిజల్యూషన్ 480×272 దగ్గరే ఉంచితే. ప్లేస్టేషన్ 2, గేమ్‌క్యూబ్ స్టిక్‌లకు అందేవి కావు.

32 బిట్ గోడ

వేగంతో సంబంధం లేని అడ్డంకి ఇది. చాలా స్టిక్‌ల చిప్‌లు 64 బిట్‌వే అయినా, వాటిలో వేసిన సిస్టమ్ 32 బిట్ యాప్‌లనే నడుపుతుంది. ర్యామ్ తక్కువ కాబట్టి ఆదా కోసం తయారీదారులు ఈ దారి పట్టారు. ఫైర్ టీవీ స్టిక్‌లు, పైన చెప్పిన క్రోమ్‌కాస్ట్ ఈ కోవలోవే. గేమ్‌క్యూబ్‌ను నటించే డాల్ఫిన్ లాంటి ఎమ్యులేటర్లు 64 బిట్‌కే వస్తాయి కాబట్టి అక్కడ ఇన్‌స్టాల్ కూడా కావు. 2019లో వచ్చిన ఎన్విడియా షీల్డ్ అనే ఆండ్రాయిడ్ టీవీ పరికరంలో ప్రో మోడల్ 64 బిట్, గొట్టం ఆకారంలో వచ్చిన చిన్న మోడల్ 32 బిట్. పేరొకటే, ప్రాసెసర్ కుటుంబం ఒకటే, కానీ డాల్ఫిన్ ఒకదానిలోనే ఎక్కుతుంది.

మీ పరికరం ఏ రకమో తెలుసుకోవడానికి ఏఐడీఏ64 లాంటి సమాచారం చూపే యాప్ వేసి, సపోర్టెడ్ ఏబీఐ అన్న వరుస చూడండి. అక్కడ ఆర్మ్64-వీ8ఏ ఉంటే 64 బిట్ యాప్‌లు నడుస్తాయి. ఆర్మ్ఈఏబీఐ-వీ7ఏ ఒక్కటే ఉంటే నడవవు. అనేక ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే యాప్ రెట్రోఆర్క్‌ను దాని సొంత సైట్ నుంచి దింపుకునేవాళ్లకు రెండు రకాల ఫైళ్లూ విడివిడిగా ఉంటాయి, ఈ వరుస చూశాకే ఎంచుకోవాలి.

బటన్ నొక్కాక బొమ్మ కదిలేదాకా

నా దృష్టిలో స్టిక్ మీద పాత గేమ్ ఆడేవాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. వేగం పూర్తిగా ఉన్నా గేమ్ ఏదో బరువుగా, జిగురుగా అనిపిస్తే అది ఆలస్యం. పాత గొట్టం టీవీ వచ్చిన సిగ్నల్‌ను వచ్చినట్టే గీసేది. ఇప్పుడు బటన్ నొక్కిన క్షణం నుంచి బ్లూటూత్, ఆండ్రాయిడ్, ఎమ్యులేటర్, స్క్రీన్‌కు పంపే ఫ్రేమ్‌ల వరుస, చివరికి టీవీ చేసే మెరుగులు, ఇలా ఒక్కొక్కటీ కొంత తినేస్తాయి. ఒక ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు. నాలుగైదు ఫ్రేమ్‌లు పోగైతే అంచు మీద నుంచి దూకాల్సిన మారియో గోతిలో పడతాడు.

అన్నిటికన్నా ముందు టీవీలో గేమ్ మోడ్ పెట్టాలి. కదలికను నున్నగా చేసే ప్రాసెసింగ్ ఆపేయడమే ఆ మోడ్ చేసే పని. సెట్టింగులన్నిటిలో పెద్ద తేడా తెచ్చేది ఇదే, దీనికి స్టిక్ మీద పైసా భారం పడదు. తర్వాత కంట్రోలర్. బ్లూటూత్, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి కాబట్టి ఒకదానికొకటి అడ్డం వస్తాయి, పైగా స్టిక్ టీవీ వీపు వెనక దాక్కుని ఉంటుంది. చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్‌తో దాన్ని కాస్త బయటకు లాగడం, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం పనిచేస్తాయి. కరెంటు కూడా అందించే యూఎస్‌బీ హబ్ పెట్టి వైరు కంట్రోలర్ తగిలిస్తే ఈ బాధే ఉండదు.

రెట్రోఆర్క్‌లో 2018లో వచ్చిన రన్ అహెడ్ అనే సదుపాయం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. చాలా పాత గేమ్‌లు అసలు యంత్రంలోనే బటన్ నొక్కిన ఒకటి రెండు ఫ్రేమ్‌ల తర్వాత కదిలేవి. రన్ అహెడ్ ఆ ఫ్రేమ్‌లను మనకు చూపించకుండా ముందే నడిపేసి, ఫలితం చూపించి, మళ్లీ వెనక్కి వచ్చి కొనసాగిస్తుంది. ఎన్ని ఫ్రేమ్‌లు పెట్టాలో ఊహించనక్కర్లేదు. గేమ్‌ను పాజ్ చేసి, దూకే బటన్ నొక్కి పట్టుకుని, ఫ్రేమ్ అడ్వాన్స్‌తో ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడండి. బొమ్మ మూడో ఫ్రేమ్‌లో కదిలితే రెండు పెట్టాలి, రెండో ఫ్రేమ్‌లో కదిలితే ఒకటి. అంతకు మించి పెడితే కదలికల్లో మొదటి ఫ్రేమ్‌లు ఎగిరిపోయి బొమ్మ గెంతినట్టు కనిపిస్తుంది. ఒక ఫ్రేమ్ ముందుకు నడపడమంటే గేమ్‌ను దాదాపు రెండుసార్లు నడపడమే. కాబట్టి నెస్, మెగా డ్రైవ్‌లకు స్టిక్‌లో సరిపోతుంది, ప్లేస్టేషన్‌కు ఆశ పెట్టుకోవద్దు.

నిలకడగా ఆడుతున్న గేమ్ ఉన్నట్టుండి ఒక్క క్షణం తట్టుకున్నట్టు కనిపించడం ఇంకో ఫిర్యాదు. నెస్ సెకనుకు సరిగ్గా 60 ఫ్రేమ్‌లు గీయదు, 60.0988 గీస్తుంది. స్క్రీన్ 60 దగ్గర ఉంటే ఆ చిన్న మిగులు పదేసి సెకన్లకోసారి ఒక పూర్తి ఫ్రేమ్‌గా పోగై ఎక్కడో ఒకచోట రాలిపోవాలి. పక్కకు జరిగే నేపథ్యంలో కన్ను దాన్ని పట్టేస్తుంది. రెట్రోఆర్క్ గేమ్‌ను స్క్రీన్ వేగానికి కట్టేసి, శబ్దాన్ని చెవికి తెలియనంత కొద్దిగా సాగదీసి ఈ తేడా మింగేస్తుంది. ఈ పద్ధతి తేడా చిన్నదైనంతవరకే పనిచేస్తుంది. మోర్టల్ కంబాట్ ఆర్కేడ్ బోర్డు సెకనుకు సుమారు 54.7 ఫ్రేమ్‌లు గీసేది, అక్కడ కాస్త కుదుపు తప్పదు. స్టిక్ డిస్‌ప్లే సెట్టింగ్ 50 హెర్ట్జ్‌లో ఉండిపోయిందేమో కూడా చూసుకోండి. అలా ఉంటే 60 ఫ్రేమ్‌ల గేమ్ ఏదీ బాగుండదు, ఎమ్యులేటర్‌లో ఎంత వెతికినా కారణం దొరకదు.

వేడి, చోటు, సేవ్‌లు

సినిమాకు ప్రాసెసర్ ఖాళీగా ఉంటుందని చెప్పుకున్నాం. గేమ్‌కు అది గంటల తరబడి పరిగెత్తాలి. ఫ్యాన్ లేని చిన్న స్టిక్ టీవీ వెనక వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. మొదటి పావుగంట బాగుండి తర్వాత మందగిస్తే అనుమానించాల్సింది వేడినే. టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు ఇవ్వకుండా దానితో వచ్చిన అడాప్టర్ వాడటం కూడా ముఖ్యమే.

చోటు సంగతి తేలిక. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. నింటెండో 64 గేమ్ అతిపెద్దదైనా 64 ఎంబీ. ప్లేస్టేషన్ డిస్క్‌లు ఒక్కొక్కటి 600, 700 ఎంబీ దాకా వస్తాయి కాబట్టి వాటిని సీహెచ్‌డీ ఫార్మాట్‌లోకి మార్చుకుంటే చోటు మిగులుతుంది, నాణ్యత ఏమీ తగ్గదు.

సేవ్‌ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. క్యాట్రిడ్జ్‌లో బ్యాటరీతో నిలిచే సేవ్‌ను ఎమ్యులేటర్ ముందు ర్యామ్‌లో ఉంచుకుంటుంది, ఆ తర్వాతే ఫైల్‌కు రాస్తుంది. రిమోట్‌లో హోమ్ నొక్కి సినిమా పెట్టారనుకోండి, ఒకటిన్నర, రెండు జీబీ ర్యామ్ ఉన్న స్టిక్‌లో ఆండ్రాయిడ్ చోటు కోసం ఎమ్యులేటర్‌ను చంపేస్తుంది. ఫైల్‌కు రాయని సేవ్ ఉంటే దానితోనే పోతుంది. రెట్రోఆర్క్‌లో సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ ఆఫ్‌లో లేకుండా చూసుకోండి, గేమ్‌ను క్లోజ్ కంటెంట్‌తో మూసే అలవాటు చేసుకోండి. ఎన్నో గంటలు ఆడి చేరుకున్న చోటు ఒక్క బటన్‌తో పోకూడదు కదా.

చట్టం ఎంతవరకు

ఎమ్యులేటర్ రాయడం నేరమన్న వాదన అమెరికా కోర్టులో నిలవలేదు. మ్యాక్ కంప్యూటర్లలో ప్లేస్టేషన్ గేమ్‌లు ఆడించిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన దావాలో 2000లో అప్పీళ్ల కోర్టు కనెక్టిక్స్ పక్షాన నిలిచింది. సోనీ బయోస్‌ను, అంటే యంత్రం ఆన్ కాగానే నడిచే మూల ప్రోగ్రామ్‌ను, పరిశీలించి, దానికి బదులు సొంతది రాసుకోవడం న్యాయమైన వాడకమేనంది. నేటి పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్‌లోనూ ఇలాంటి సొంత బయోస్ ఉంది, అయితే అసలు బయోస్‌తోనే సరిగా ఆడే గేమ్‌లు కొన్ని ఉన్నాయి. గేమ్ ఫైళ్ల సంగతి వేరు. వాటి మీద కాపీరైట్ బతికే ఉంది, నెట్‌లో దొరికినంత మాత్రాన అవి స్వేచ్ఛగా తీసుకునేవి అయిపోవు. 2024లో స్విచ్ ఎమ్యులేటర్ యుజు తయారీదారులు నింటెండోతో 24 లక్షల డాలర్లకు రాజీ పడి తప్పుకున్నారు. ఆ వివాదం ఎన్‌క్రిప్షన్ రక్షణను దాటడం చుట్టూ తిరిగింది. మీ దగ్గరున్న క్యాట్రిడ్జ్, డిస్క్‌ల నుంచి కాపీ తీసుకోవడం విషయంలో చట్టం దేశానికో రకంగా ఉంది. నెస్, మెగా డ్రైవ్‌ల కోసం నేటికీ కొత్త గేమ్‌లు రాసి ఉచితంగా ఇచ్చేవాళ్లు ఉన్నారు. స్టిక్‌ను పరీక్షించడానికి వాటితో మొదలుపెట్టమనే చెబుతాను, అందులో కొన్ని నిజంగా అద్భుతంగా ఉంటాయి.

కొనేముందు

స్ట్రీమింగ్ పెట్టెల్లో పాత గేమ్‌లకు ఇప్పటికీ నేను మొదట చెప్పే పేరు 2019 షీల్డ్ టీవీ ప్రో. దాని టెగ్రా ఎక్స్1 ప్లస్ చిప్‌లో ఉన్నవి ఏ57 అనే పెద్ద కోర్లు, వేడి తీసేయడానికి ఫ్యాన్ ఉంది, సిస్టమ్ 64 బిట్. అదే కుటుంబపు చిప్ నింటెండో స్విచ్‌లోనూ ఉంది. 2024లో వచ్చిన గూగుల్ టీవీ స్ట్రీమర్‌లో ర్యామ్ 4 జీబీకి, స్టోరేజ్ 32 జీబీకి పెరిగాయి, హోమ్ నొక్కితే ఎమ్యులేటర్ చచ్చిపోయే బెడద దానితో బాగా తగ్గుతుంది. ప్రాసెసర్ మాత్రం పాత స్టిక్‌ల తరగతిదే, కాబట్టి నింటెండో 64లో అద్భుతాలు జరగవు. ప్లేస్టేషన్ వరకు ఆడితే చాలనుకునేవాళ్లు ఇంత దూరం వెళ్లనక్కర్లేదు, ఇంట్లో ఇప్పటికే ఉన్న స్టిక్ సరిపోతుంది.

కొత్తగా కొనేవాళ్లు రెండు మార్పులు గమనించాలి. గూగుల్ టీవీ యాప్‌లు 2026 ఆగస్టు నుంచి 64 బిట్‌కు సిద్ధంగా ఉండాలని గూగుల్ ప్రకటించింది, అంటే రాబోయే పెట్టెల్లో ఆ గోడ సన్నబడుతుంది. అమెజాన్ దారి వేరు. 2025లో తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్ ఆండ్రాయిడ్ మీద కాకుండా వేగా ఓఎస్ అనే సొంత సిస్టమ్ మీద నడుస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైళ్లు అందులో ఎక్కవు కాబట్టి ఈ వ్యాసంలో చెప్పిన ఎమ్యులేటర్లు దానిలో నడవవు. ఆకారం, రిమోట్, పేరు పాత ఫైర్ స్టిక్‌లాగే ఉంటాయి. అందుకే స్టిక్ వివరాల్లో వేగా అన్న మాట ఉందేమో చూశాకే డబ్బు కట్టండి.